మధ్యలో ఎవరూ లేని మాట

సెల్‌ఫోన్ వచ్చాక వాకీటాకీ పనైపోయిందని మనలో చాలామంది అభిప్రాయం. పోలీసాయన భుజాన గరగరలాడే డబ్బా, లేదంటే బొమ్మల కొట్లో జతగా అమ్మే ప్లాస్టిక్ సామాను. అంతకుమించి దాని గురించి ఆలోచించం. కానీ ఐటీలో ఉన్నవాళ్ళం కాబట్టి ఒక్కసారి ఇలా చూడండి. కూకట్‌పల్లిలో ఉన్న మీరు పక్కవీధిలో ఉన్న బావమరిదికి ఫోన్ చేస్తారు. ఆ మాట ముందు టవరెక్కుతుంది. అక్కణ్ణుంచి ఎక్కడో ఉన్న స్విచ్చికి పోతుంది. మీరెవరో, మీ రీఛార్జి ఉందో అయిపోయిందో ఒక డేటాబేసు చూస్తుంది. అన్నీ సరిపోతే అప్పుడు పక్కవీధికి చేరుతుంది. వాకీటాకీలో ఈ గొడవేం లేదు. బటన్ నొక్కితే ఈ యాంటెన్నాలోంచి బయల్దేరిన తరంగం ఆ యాంటెన్నాకి తగుల్తుంది, అంతే. సర్వర్ లేదు, సిమ్ములేదు, బిల్లు లేదు. మధ్యలో ఎవరూ లేరు.

ఈ మధ్యలో ఎవరూ లేకపోవడమే ఆ యంత్రం గొప్పతనం. ప్రభుత్వాలకి దానిమీద అనుమానం కూడా అందుకే. దాని చరిత్ర తవ్వుతూ పోయినకొద్దీ నాకు ఈ రెండు విషయాలే మళ్ళీ మళ్ళీ ఎదురయ్యాయి.

నా దగ్గర ఒక జత ఉంది. 446 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే రకం, మన దేశంలో లైసెన్సు అక్కర్లేనివి (దీని సంగతి కింద చెప్తాను). చూడ్డానికి ఏమంత అందంగా ఉండవు. లావుపాటి రబ్బరు తొడుగు, బొటనవేలంత యాంటెన్నా, చేతికి గ్లవుజులున్నా తిప్పగలిగే గుండ్రటి మీట. ఐపీ67 అని రాసుంది. అందులో 6 అంటే దుమ్ము చొరబడదని, 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా చెడిపోదని. హైదరాబాదు నుంచి శ్రీశైలానికి రెండు కార్లలో వెళ్ళినప్పుడల్లా వీటిని తీసికెళ్తాం. మన్ననూరు దాటి నల్లమలలో పడ్డాక ఫోన్లో గీతలు ఒకటొకటే మాయమైపోతాయి. అప్పుడు "ముందు లారీ ఉంది, మెల్లిగా రండి", "పిల్లాడికి వాంతులవుతున్నాయి, ఆపుతున్నాం" లాంటి మాటలకి ఇంతకన్నా మంచి సాధనం నేను చూళ్ళేదు. మా అత్తగారికి మొదట్లో ఇది నచ్చలేదు, మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళు అడ్డం రాలేరని తెలిశాక బాగా నచ్చింది.

ఇది ఎంతదూరం పనిచేస్తుందని అందరూ అడుగుతారు. డబ్బా మీద రాసే "35 మైళ్ళు" లాంటి లెక్కలు మన రియలెస్టేటు వాళ్ళు చెప్పే "ఎయిర్‌పోర్టుకి ఇరవై నిమిషాలు" బాపతు. ఈ ఫ్రీక్వెన్సీల దగ్గర తరంగం దాదాపు చూపు వెళ్ళినట్టే తిన్నగా వెళ్తుంది, కాబట్టి భూమి గుండ్రంగా ఉండటమే అడ్డం. మైదానంలో నిలబడ్డ ఇద్దరు మనుషుల మధ్య సిద్ధాంతం ప్రకారం పది కిలోమీటర్లు రావచ్చు. అపార్టుమెంట్ల మధ్యయితే ఒకటి, మహా అయితే రెండు. అదే ఒకళ్ళు 300 మీటర్ల కొండెక్కారనుకోండి, 70 కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఇక్కడ వాట్ల కన్నా ఎత్తు ముఖ్యం. సైన్యాలు కొండల కోసం కొట్టుకు చావడానికి ఇదొక కారణం.

ఇక చరిత్రకొద్దాం. వాకీటాకీని ఎవరు కనిపెట్టారంటే ఒక్క పేరు చెప్పడం కుదరదు. కెనడాలో డొనాల్డ్ హింగ్స్ అనే ఆయన ఒక గనుల కంపెనీలో పనిచేసేవాడు. ఆ కంపెనీ విమానాలు, సర్వేవాళ్ళు రోడ్డూ టెలిఫోనూ లేని అడవుల్లో తిరిగేవాళ్ళు. ఎక్కడైనా విమానం దిగిపోతే వాళ్ళ గతేంటి? అందుకని 1937లో ఆయన మోసుకుపోగల రేడియో ఒకటి తయారుచేశాడు. అమెరికాలో క్లీవ్‌లాండ్ కుర్రాడు ఆల్ గ్రాస్ 1938లో చేతిలో పట్టుకునేంత చిన్నది చేశాడు. అతనో హ్యామ్, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియో నడిపేవాడు. ఒకరిది అవసరం, ఇంకొకరిది సరదా. సైన్యం ఇద్దర్నీ పట్టుకుంది. గ్రాస్‌ని అమెరికా గూఢచారి శాఖ ఓఎస్ఎస్ పనిలోకి తీసుకుంది. శత్రువు ఆక్రమించిన దేశంలో దాక్కున్న ఏజెంటు, పైన ఎంతో ఎత్తులో తిరిగే విమానంతో మాట్లాడే జోన్-ఎలినార్ అనే పరికరం తయారీలో అతనూ పాలుపంచుకున్నాడు. తరంగం సన్నటి ధారలాగా పైకి మాత్రమే పోతుంది కాబట్టి నేలమీద తిరిగే జర్మన్లకి పసిగట్టడం కష్టం. గ్రాస్ యుద్ధం తర్వాత సామాన్య జనం వాడే సిటిజన్స్ బ్యాండ్ రేడియో కోసం, పేజర్ కోసం జీవితమంతా పాటుపడ్డాడు. ఆ వస్తువులకి గిరాకీ వచ్చేసరికి పేటెంట్ల గడువు తీరిపోయింది. 2000లో ఎంఐటీ వాళ్ళిచ్చే లెమెల్సన్ జీవితకాల పురస్కారం వచ్చింది, అదే ఏడాది చివర్లో పోయాడు.

వీళ్ళిద్దరూ దారి వేస్తే దానిమీద బండి తోలింది మాత్రం గాల్విన్ కంపెనీ. కారు రేడియోలు చేసుకునే షికాగో కంపెనీ అది, మోటరోలా అనేది వాళ్ళ బ్రాండు, తర్వాత కంపెనీకీ అదే పేరు పెట్టుకున్నారు. (బెంగుళూరులో సీఎంఎం లెవెల్ 5 అనే మాట మనకి పరిచయం చేసిన మోటరోలానే. సిక్స్ సిగ్మా అని మన ప్రాణం తీసింది కూడా వీళ్ళే.) 1941లో వీళ్ళు ఎస్‌సీఆర్-536 అనే సెట్టు తయారీ మొదలెట్టారు. ఐదు వాక్యూం ట్యూబులు, రెండు కిలోల పైన బరువు, అర వాటుకి కూడా లోపే శక్తి, దూరం ఓ మైలు. ఆన్ చెయ్యడానికి విడిగా స్విచ్చి లేదు. యాంటెన్నా పైకి లాగితే ఆన్, లోపలికి తోస్తే ఆఫ్. యుద్ధంలో వణికే చేతులతో వాడే వస్తువుకి ఇంతకన్నా మంచి ఇంటర్‌ఫేసు నాకు తోచడంలేదు. ఛానెల్ మాత్రం ఒక్కటే. మార్చాలంటే విప్పి లోపల క్రిస్టల్ మార్చాలి, అది సిపాయి పని కాదు, మెకానిక్కుది. యుద్ధం ముగిసేలోపు ఇవి లక్షా ముప్ఫై వేల దాకా తయారయ్యాయి.

ఇక్కడో పేరు తికమక ఉంది. ఆ చేతి సెట్టుకి వాళ్ళు పెట్టిన పేరు హ్యాండీటాకీ. వాకీటాకీ అంటే వీపున మోసుకుంటూ నడిచేది. యుద్ధం నాటి అసలు వాకీటాకీ 1942లో పరీక్షలు నెగ్గిన ఎస్‌సీఆర్-300. పదిహేను కిలోల పైమాట. కాలక్రమంలో జనం వీపుదాన్ని మర్చిపోయి దాని పేరు చేతిదానికి తగిలించారు. హ్యామ్‌లు మాత్రం ఇప్పటికీ చేతి సెట్టుని హెచ్‌టీ అనే అంటారు.

రెండిటికీ మధ్య అసలు తేడా బరువు కాదు. చేతి సెట్టు ఏఎం, వీపు సెట్టు ఎఫ్ఎం. ఏఎంలో మాట తరంగం ఎత్తుపల్లాల్లో దాగుంటుంది. ఇంజను నిప్పురవ్వలు, మెరుపులు, ఇవన్నీ కూడా ఎత్తుపల్లాలే కాబట్టి అవీ మాటతో కలిసిపోతాయి. ఎఫ్ఎంలో మాట ఫ్రీక్వెన్సీ మార్పులో దాగుంటుంది, ఎత్తు ఎంతైనా రిసీవర్ పట్టించుకోదు. అందుకే గరగర పోతుంది. ట్యాంకుల పక్కన నిలబడి మాట్లాడాలంటే ఎఫ్ఎమ్మే దిక్కని మోటరోలాలో డాన్ నోబుల్ పట్టుబట్టాడు. ఆ సెట్టులో రేడియో భాగాన్ని రూపొందించినవాడు హెన్రిక్ మాగ్నుస్కీ అనే పోలండు ఇంజనీరు. 1939లో ఉద్యోగం పనిమీద అమెరికా వచ్చాడు. ఆయన ఇక్కడుండగానే హిట్లర్ వాళ్ళ దేశం మీద పడ్డాడు. ఇక వెనక్కి వెళ్ళడానికి దేశమే లేదు. ఆన్‌సైట్‌కి వెళ్ళి అక్కడే ఉండిపోయినవాళ్ళని మనం చాలామందిని చూశాం కానీ, ఇలాంటి కారణంతో ఎవరూ ఉండిపోకూడదు.

ఎఫ్ఎం కనిపెట్టిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1933లో పేటెంట్లు వచ్చాయి. యుద్ధం వచ్చినప్పుడు సైన్యం నా పేటెంట్లు ఉచితంగా వాడుకోవచ్చు, రాయల్టీ అక్కర్లేదన్నాడు. అంటే ఆ వీపు సెట్లన్నీ ఆయన దానమే అనుకోవచ్చు. యుద్ధం తర్వాత ఆర్‌సీఏ లాంటి పెద్ద కంపెనీలతో పేటెంట్ కేసుల్లో పడి, డబ్బూ ఆరోగ్యం పోగొట్టుకుని, 1954 జనవరి చివర్లో న్యూయార్కులో పదమూడో అంతస్తు కిటికీలోంచి దూకేశాడు. ఆయన భార్య మారియన్ కేసులు వదల్లేదు. ఒక్కో కంపెనీ మీదా గెలుస్తూ వచ్చింది. ఆఖరి కేసు 1967లో ముగిసింది. ఆ ఆఖరి ప్రతివాది ఎవరనుకున్నారు? మోటరోలా. పేరు పొందిన కంపెనీల చరిత్ర పుస్తకాల్లో ఇలాంటివి ఏ మూలో ఒక లైనులో ఉంటాయి, అదీ ఉంటే.

యుద్ధం తర్వాత ట్యూబుల స్థానంలో ట్రాన్సిస్టర్లొచ్చాయి. 1962లో వచ్చిన మోటరోలా హెచ్‌టీ200 కిలో లోపు తూగింది, అయినా దాన్ని జనం ముద్దుగా ఇటుక అనే పిలిచారు. పోలీసులకి ఈ చేతి సెట్లు చేసిన విభాగం నుంచి వచ్చినవాడే మార్టిన్ కూపర్. 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీధిలో నిలబడి చేతి సెల్‌ఫోన్లో మొదటి కాల్ చేసింది ఈయనే. కారుకి కట్టేసిన టెలిఫోన్ ఎందుకు, పోలీసుకిచ్చినట్టే మనిషి చేతికి ఇవ్వచ్చు కదా అన్న ఆలోచన అక్కడిదే. అంటే సెల్‌ఫోన్ వాకీటాకీకి శత్రువు కాదు, కొడుకు. కాకపోతే కొడుకు పుట్టడంతోనే మధ్యలోకి ఒక టవర్ వచ్చింది.

మధ్యలోకి ఇంకొకటి వస్తే ఏమవుతుందో చెప్పడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా ఘోరమైన ఉదాహరణ 2001 సెప్టెంబరు 11. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది రేడియో సమస్యలా కనపడే యూజర్ ఇంటర్‌ఫేసు సమస్య.

చేతి సెట్టు తరంగం నూటపది అంతస్తుల కాంక్రీటూ ఉక్కూ దాటి పోలేదు. 1993లో ట్రేడ్ సెంటర్లో బాంబు పేలినప్పుడే అగ్నిమాపక దళానికి ఈ సంగతి తెలిసొచ్చింది. అందుకని ఆ సముదాయంలో ఒక రిపీటర్ పెట్టారు. కింది సెట్టు మాట విని, బలం పెంచి, మళ్ళీ పంపించే యంత్రం. దాన్ని నడపడానికి లాబీలో ఉన్న పెట్టె మీద రెండు బటన్లు. ఒకటి నొక్కితే రిపీటర్ పనిచేస్తుంది, రెండోది నొక్కితేనే ఆ పెట్టెకున్న హ్యాండ్‌సెట్లోంచి మాట్లాడొచ్చు. ఆ రోజు ఉదయం మొదటి బటన్ నొక్కారు. రెండోది ఎవరూ నొక్కలేదు. 9:05కి ఉత్తర టవర్ లాబీలో ఇద్దరు ఛీఫ్‌లు పరీక్షించి చూశారు. హ్యాండ్‌సెట్లోంచి మాట పోలేదు, అవతలి మాట దాన్లో వినపడలేదు. రిపీటర్ చెడిపోయిందనుకుని దాన్ని వదిలేసి మామూలు ఛానెల్ వాడుకున్నారు. నిజానికి రిపీటర్ పనిచేస్తూనే ఉంది. దక్షిణ టవర్లోకి వెళ్ళినవాళ్ళు చేతి సెట్లలో అదే రిపీటర్ ఛానెల్ వాడారు. ఓరియో పామర్ అనే ఛీఫ్ 78వ అంతస్తు దాకా ఎక్కి అక్కణ్ణుంచి కిందివాళ్ళతో మాట్లాడాడు.

9:59కి దక్షిణ టవర్ కూలింది. ఉత్తర టవర్లో ఉన్నవాళ్ళని వెంటనే దిగిపొమ్మని రేడియోలో ఆజ్ఞలిచ్చారు. అది కూలడానికి ఇంకా 29 నిమిషాలుంది. కొందరికి వినపడింది, దిగారు. కొందరికి వినపడినా సాయం చేస్తూ ఉండిపోయారు. కొందరికి అసలు వినపడలేదు. పక్కనే ఆకాశంలో ఉన్న పోలీసు హెలికాప్టర్లు టవర్ పరిస్థితి చూసి హెచ్చరించాయి, కానీ పోలీసు రేడియో వేరు, అగ్నిమాపక రేడియో వేరు. ఆ రోజు చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది 343 మంది. అందరూ రేడియో వల్లే పోయారనడం తప్పు, విచారణ కమిషన్ కూడా అలా అనలేదు. కానీ ఆ రెండో బటన్ సంగతి చదివిన రోజున నాకు చాలాసేపు ఇంకో పని తోచలేదు. మనం రాసే ప్రతి స్క్రీన్లోనూ ఇలాంటి రెండో బటన్ ఒకటి ఉంటుంది, యూజర్ మాన్యువల్లో 47వ పేజీలో దాని వివరణ ఉంటుంది. 1941 నాటి సెట్టులో యాంటెన్నా లాగితే చాలు.

ఇక మన దేశం సంగతి. అక్కడ ఇన్ని జరుగుతుంటే మన దగ్గర వాకీటాకీ పోలీసు, సైన్యం, రైల్వే లాంటి వాళ్ళ చేతుల్లో తప్ప ఎందుకు కనపడలేదు? కొనే స్తోమత లేక అనుకుంటాం. అదొక్కటే కాదు, చట్టం. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం వాడటం సంగతి అటుంచండి, దగ్గర ఉంచుకోవడమే నేరం. ఆఖరికి పాటలు వినే రేడియోకి కూడా 1980ల దాకా లైసెన్సులుండేవి. పోస్టాఫీసుకెళ్ళి డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకున్న రోజులు మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, చెప్తారు. తెల్లవాళ్ళకి దీని అవసరం అర్థం చేసుకోగలం. 1942 క్విట్ ఇండియా రోజుల్లో బొంబాయిలో ఉషా మెహతా, ఆమె సహచరులు రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపితే పోలీసులు రోజుల తరబడి వెతికి నవంబరులో పట్టుకున్నారు. కానీ వాళ్ళు వెళ్ళిపోయాక కూడా అదే చట్టాన్ని మనం భద్రంగా దాచుకున్నాం. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం చేశారు, 2024 నుంచి విడతలవారీగా అమలు మొదలైంది. అందులో కూడా రేడియో పరికరం దగ్గరుంచుకోవాలంటే అనుమతి కావాలన్న మాట అలాగే ఉంది, మినహాయింపులు ఇస్తే తప్ప.

ఇందులో ప్రభుత్వాన్ని పూర్తిగా తప్పు పట్టలేను. విమానాలు, అంబులెన్సులు, పోలీసులు వాడే ఫ్రీక్వెన్సీల్లోకి ఎవడుపడితే వాడు దూరిపోతే ప్రాణాలు పోతాయి. తీవ్రవాదుల చేతిలో ఏముందో చూడాల్సిన బాధ్యతా ఉంది. కాకపోతే సామాన్యుడికి ఒక చిన్న కిటికీ అయినా తెరవడానికి ఇన్ని దశాబ్దాలు పట్టాల్సిన పని లేదని మాత్రం నా అభిప్రాయం.

చాలా ఏళ్ళపాటు ఆ కిటికీ ఒక్కటే, హ్యామ్ రేడియో. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. పరికరాలు దిగుమతి చేసుకుంటే సుంకం మోత. రాజీవ్ గాంధీ స్వయంగా హ్యామ్, వీయూ2ఆర్‌జీ ఆయన కాల్‌సైన్. 1984లో హ్యామ్ పరికరాల మీద దిగుమతి సుంకం తీసేయడంతో కొంచెం ఊపిరాడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1983లో, మన హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పుట్టింది. దీని పేరు మనవాళ్ళలో చాలామందికి తెలీదు. కానీ 2004 డిసెంబరులో దేశం మొత్తానికి అక్కరకొచ్చింది ఈ సంస్థ మనుషులే.

అండమాన్లో హ్యామ్ రేడియో నడపడానికి చాలా ఏళ్ళుగా అనుమతి లేదు. ఎన్నో విన్నపాల తర్వాత అనుమతి వస్తే భారతీ ప్రసాద్ ఆ సంస్థ తరఫున బృందంతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళారు. ప్రపంచంలో హ్యామ్‌లందరికీ అరుదైన చోటు కాబట్టి, వీయూ4ఆర్‌బీఐ అనే ఆవిడ కాల్‌సైన్ వినపడగానే క్యూ కట్టారు. ఇదంతా ఒక ఆటలాంటిది, ఎన్ని దేశాలతో మాట్లాడామన్నది లెక్క. డిసెంబరు 26 ఉదయం 6:29కి భూమి కంపించింది, తర్వాత సముద్రం వచ్చింది. దీవుల్లో టెలిఫోన్లు పోయాయి. ఆట ఆపేసి ఆ బృందం అదే యాంటెన్నాతో అధికారుల సందేశాలు, బంధువుల క్షేమసమాచారాలు ప్రధాన భూభాగానికి చేరవేయడం మొదలెట్టింది. నికోబార్ వైపు కూడా హ్యామ్‌లు వెళ్ళారు. ఇవి చేతిలో పట్టుకునేవి కాదు, బల్లమీద పెట్టుకునే హెచ్ఎఫ్ సెట్లు. వాటి తరంగాలు పైన అయనోస్ఫియర్‌కి తగిలి వెనక్కి దిగుతాయి కాబట్టి సముద్రాలు దాటతాయి. సూత్రం మాత్రం అదే, మధ్యలో కూలిపోవడానికి ఏమీ లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్‌లో ఇంట్లోవాళ్ళున్న ప్రతి ఒక్కరికీ ఈ సంగతి అనుభవమే. టవర్లు, కరెంటు, ఫైబర్ ఒకేసారి పోయాయి. అమెరికాలో ఉన్నవాళ్ళు, బెంగుళూరులో ఉన్నవాళ్ళు రోజుల తరబడి రింగవని ఫోన్లకి రింగులిస్తూ కూర్చున్నారు. దీనికి సంబంధించిందే ఒక తమాషా కూడా చెప్పాలి. 2017లో అమెరికాలో హార్వీ, ఇర్మా తుఫాన్లప్పుడు జెల్లో అనే వాకీటాకీ ఆప్‌ని జనం ఎగబడి దించుకున్నారు. నెట్‌వర్క్ లేకపోయినా పనిచేస్తుందని పుకారు. ఆప్ అయ్యాక ఇంటర్నెట్ లేకుండా ఎలా పనిచేస్తుంది? ఆ కంపెనీవాళ్ళే బయటికొచ్చి బాబూ మాది ఇంటర్నెట్ ఉంటేనే నడుస్తుందని చెప్పుకోవాల్సి వచ్చింది. తెరమీద వాకీటాకీ బొమ్మ వేసినంత మాత్రాన మధ్యలో సర్వర్ మాయమైపోదు.

సరే, లైసెన్సు అక్కర్లేని సెట్ల సంగతి చెప్తానన్నాను. 2005లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర సిటిజన్స్ బ్యాండ్‌ని మన ప్రభుత్వం లైసెన్సు నుంచి మినహాయించింది. అక్కడ యాంటెన్నాలు పొడుగ్గా ఉండాలి, చేతి సెట్లకి అంత సుఖం కాదు, పెద్దగా ఎవరూ వాడలేదు. 2018 అక్టోబరులో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా మినహాయించారు, యూరప్‌లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. నా జత ఆ రకమే. ఆ పరికరానికి ఈటీఏ అనే ప్రభుత్వ ఆమోదం ఉండాలి, అది చూసుకునే కొన్నాను.

మనవాళ్ళు తరచూ బోల్తా పడేది ఇక్కడే. అమెరికాలో 1996 నుంచి ఎఫ్ఆర్ఎస్ అని లైసెన్సు అక్కర్లేని సెట్లున్నాయి. సూపర్‌మార్కెట్లో బ్యాటరీల పక్కనే జతలుగా వేలాడుతుంటాయి. మంచుకొండలకి వెళ్ళినప్పుడు కొనుక్కుని, తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో పడేసుకొస్తారు. మా మిత్రుడొకడు డాలస్ నుంచి అలాగే తెచ్చి, "అపార్టుమెంటు వాచ్‌మన్‌కి ఒకటిస్తాను, ఎలా ఉంది ఐడియా" అన్నాడు. అవి 462, 467 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, ఇక్కడ ఆ మినహాయింపు లేదు. అక్కడ బొమ్మ, ఇక్కడ నేరం. వస్తువు అదే, బ్యాటరీ అదే. వాడికి ఇది చెప్తే "ఎవడు చూడొచ్చాడులే" అన్నాడు. రేడియోలో మాట్లాడేదాన్ని ఎవడైనా వినొచ్చు, అదేగా దాని పని.

దీనికి తోడు చైనా నుంచి బావోఫెంగ్ లాంటి చవక సెట్లు వచ్చిపడ్డాయి. 2012లో వచ్చిన యూవీ-5ఆర్ అనే మోడల్లో రేడియో దాదాపు మొత్తం ఒక్క చిప్పులో ఉంటుంది. మాగ్నుస్కీ పద్దెనిమిది ట్యూబులతో చేసిన పని ఇప్పుడు గోరంత సిలికాన్ చేస్తోంది. పోలీసు ఫ్రీక్వెన్సీలతో సహా దేంట్లోకైనా తిప్పుకోవచ్చు, అదే చిక్కు. ఆన్‌లైన్ దుకాణాల్లో ఏ ఫ్రీక్వెన్సీదో, లైసెన్సు కావాలో అక్కర్లేదో చెప్పకుండా వీటిని అమ్మేశారు. 2025లో కేంద్ర వినియోగదారుల హక్కుల సంస్థ అవన్నీ స్పష్టంగా రాయాలని, ఈటీఏ ఉండాలని మార్గదర్శకాలిచ్చింది. కొనేముందు మీరూ ఫ్రీక్వెన్సీ చూసుకోండి, రంగూ రివ్యూలూ తర్వాత.

నెట్‌వర్క్ లేకపోతే పూర్తిగా క్షేమం అనుకోవడానికీ లేదు. లెబనాన్‌లో హిజ్‌బొల్లా వాళ్ళు సెల్‌ఫోన్లయితే ఇజ్రాయెల్ కనిపెట్టేస్తుందని పేజర్లు, వాకీటాకీలు పట్టుకున్నారు. 2024 సెప్టెంబరు 17న పేజర్లు పేలాయి, మర్నాడు వాకీటాకీలు పేలాయి. రెండో రోజు ఒక్కరోజే చనిపోయినవాళ్ళు ఇరవైకి పైనే, వందలమంది గాయపడ్డారు. ఆ సెట్ల మీద జపాన్ కంపెనీ ఐకామ్ పేరు, ఐసీ-వీ82 అనే మోడల్ పేరు ఉన్నాయి. ఆ మోడల్ తయారీ 2014లోనే ఆపేశామని ఐకామ్ చెప్పింది. తరంగానికి మధ్యలో ఎవరూ లేరు నిజమే, కానీ పెట్టెకి కర్మాగారం నుంచి చేతికొచ్చేదాకా మధ్యలో చాలామంది ఉన్నారు. సాఫ్ట్‌వేర్లో ఎవరో రాసిన లైబ్రరీని చూడకుండా లాగేసుకునే మనకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

446 సెట్టుతో పని మొదలెట్టి, ఇంకాస్త దూరం వెళ్ళాలనిపించినవాళ్ళకి దారి హ్యామ్ పరీక్షే. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ అని ఒకటుంది, దానికి మోర్స్ కోడ్ రానక్కర్లేదు. ఓమ్ సూత్రం, యాంటెన్నాలు, కాల్‌సైన్ నియమాలు, ఇంతే సిలబస్. ఇంజనీరింగ్ మొదటేడాది పుస్తకం అటకమీద ఉంటే దింపండి, సగం అందులోనే ఉంది. మా ఆఫీసులో ఇద్దరు చదువుతున్నారు, ఒకావిడ నిన్న స్టాండింగ్ వేవ్ రేషియో అంటే ఏంటని అడిగితే లంచ్ మొత్తం దానికే సరిపోయింది. దాని గురించి ఇంకోసారి.